మేధాసంపత్తి చట్టం – న్యాయ విద్యార్థికి చేతి అభ్యాసం

మన ఇండ్లలో బల్లమీదనుండి పలికే రేడియోపెట్టె చూపునకు ఒక్క వస్తువే. న్యాయశాస్త్రం దృష్టిలో మాత్రం దానిలో నాలుగైదు ఆస్తులు దాగి ఉన్నవి. లోపలి యంత్రరచనలో ఎవరైనా ఒక కొత్త ఉపాయం కనిపెట్టి ఉంటే దానికి పేటెంటు ఉండవచ్చు. పెట్టె ఆకారాన్ని నమోదు చేయించి ఉంటే అది డిజైను హక్కు. ముందువైపు మెరిసే కంపెనీ పేరు ట్రేడుమార్కు. అందులోనుండి వినవచ్చే పాటకు కవి, సంగీతకర్త కాపీరైటుదారులు; పాడిన గాయకునికి, ప్రసారం చేసిన కేంద్రానికి వేరువేరు హక్కులు. డబ్బిచ్చి కొన్న గృహస్థునికి దక్కినది పెట్టె మాత్రమే. కంటికి కనబడని ఈ ఆస్తులన్నిటినీ కలిపి నేడు మేధాసంపత్తి అంటున్నారు.

పొలానికి గట్లు ఉంటవి, ఇంటికి గోడలు ఉంటవి. పేటెంటు అనే ఆస్తికి మాటలే గట్లు. ఆవిష్కర్త ఏమి కనిపెట్టినాడన్నది ఒక ఎత్తు, దానిని దరఖాస్తులో ఏ వాక్యాలలో చెప్పుకొన్నాడన్నది మరొక ఎత్తు. హక్కు కోరే ఆ వాక్యాలను క్లెయిములు అంటారు. అవి మరీ విశాలంగా ఉంటే పూర్వులకు తెలిసిన విషయాన్ని కూడా ఆక్రమించినవని కొట్టివేస్తారు. మరీ సంకుచితంగా ఉంటే ప్రక్కవాడు చిన్న మార్పు చేసి తప్పుకొనిపోతాడు.

రేడియో చరిత్రలోనే ఇందుకు నిదర్శనం ఉన్నది. 1900లో మార్కోనీ ఇంగ్లండులో పొందిన 7777 నంబరు పేటెంటు లోకప్రసిద్ధమైనది. ఒక కేంద్రం పలుకు మరొక దానితో కలిసిపోకుండా శ్రుతిచేసే ఉపాయం అది. ఆ విషయమై అమెరికాలో ఆయనకు లభించిన పేటెంటులోని ముఖ్యమైన క్లెయిములు చెల్లవని 1943 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. లాడ్జి, టెస్లా, స్టోన్ అనేవారి పూర్వపు పత్రాలను మార్కోనీ పత్రం ప్రక్కన పెట్టి, తేదీలను, వాక్యాలను పోల్చి న్యాయమూర్తులు ఆ విషయం తేల్చినారు. అప్పటికి మార్కోనీ మరణించి ఆరేండ్లయినది.

ఇటువంటి వాక్యాలు వ్రాయడం, ఇటువంటి పోలిక చేయడం న్యాయ విద్యార్థి ఎక్కడ నేర్చుకోవాలి? చట్టం సెక్షన్లు కంఠస్థం చేస్తే ఈ విద్య రాదు. ఈత పుస్తకం చదివినవాడు ఏటికి అడ్డంపడి ఈదలేడు గదా! ఈ ప్రశ్నకు వివిధ కాలాలలో వివిధమైన సమాధానాలు వచ్చినవి. వాటి చరిత్రను కొంచెం పరిశీలిద్దాము.

ఇంగ్లండులో చిరకాలం న్యాయవాద వృత్తి వడ్రంగం, కమ్మరం వలెనే నేర్చుకొనే వృత్తిగా ఉండేది. అటార్నీ కాదలచినవాడు అయిదేండ్లపాటు ఒక అటార్నీ వద్ద ఆర్టికిల్డు గుమాస్తాగా ఉండితీరాలని 1729లో పార్లమెంటు శాసించినది. ఆ గుమాస్తా దస్తావేజులకు నకళ్లు వ్రాసి, కోర్టు కచేరీల చుట్టూ తిరిగి పని నేర్చేవాడు. ఈ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. చేయి తిరిగేది గాని, ఆ మాట అక్కడ ఎందుకు ఉన్నదో చెప్పే దిక్కు ఉండేది కాదు. బ్లాక్‌స్టన్ పండితుడు 1753లో ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు చట్టంపై ఉపన్యాసాలు ప్రారంభించి, 1758లో ఆ విశ్వవిద్యాలయంలో తత్సంబంధమైన మొదటి ఆచార్యపీఠం అధిష్ఠించినాడు. నాటినుండి న్యాయశాస్త్రం పాఠశాలలో ప్రవేశించినది. 1870లో అమెరికాలోని హార్వర్డు న్యాయకళాశాలకు అధిపతి అయిన లాంగ్‌డెల్ తీర్పుల గ్రంథాలను చదివించి చర్చింపజేసే పద్ధతి నెలకొల్పినాడు. రసాయన విద్యార్థికి ప్రయోగశాల ఎటువంటిదో, న్యాయ విద్యార్థికి గ్రంథాలయం అటువంటిదని ఆయన అభిప్రాయం. ఈ మార్పుతో సిద్ధాంతం బలపడినది. అయితే కక్షిదారు మొగం విద్యార్థికి కనబడకుండా పోయినది.

చదువుకు, పనికి నడుమ ఏర్పడిన ఈ అగాధం ఎంత లోతైనదో మన గాంధీమహాత్ముని అనుభవమే చాటుతుంది. 1891 జూన్‌లో ఆయన లండనులో బారిష్టరు అయినారు. ఆ రోజులలో బారిష్టరు కావడానికి పరీక్షలతోబాటు న్యాయసంఘాల విందులకు హాజరు కావడం ఒక నియమం. అర్జీ వ్రాయడం నేర్పే నియమం లేదు. బొంబాయి స్మాలుకాజు కోర్టులో తొలి వ్యాజ్యంలో సాక్షిని ప్రశ్నించడానికి లేచి నోరు పెగలక, తీసుకొన్న ముప్పది రూపాయల ఫీజు తిరిగి ఇచ్చివేసినారు. 1893లో దక్షిణాఫ్రికాకు వెళ్లినప్పుడు ఆ దావా అంతా వర్తకపు లెక్కలతో నిండినది. ప్రామిసరీ నోటుకు వర్తకులు వాడే పొడి మాట కూడా ఆయనకు అప్పటికి తెలియదు. పుస్తకం కొని జమాఖర్చుల పద్ధతి నేర్చుకొన్నారు. అనుభవజ్ఞులైన న్యాయవాదుల చెంత సంవత్సరంపాటు కాగితాలతో కుస్తీపట్టి వృత్తిరహస్యం గ్రహించినారు. ఆయనకు లేనిది తెలివి కాదు, అభ్యాసం.

మన ప్రాంతపు కథ కూడా ఇటువంటిదే. 1855లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో న్యాయశాస్త్ర శాఖ, 1891లో మద్రాసు లా కాలేజీ ఏర్పడినవి. తెలుగు జిల్లాల యువకులు బి.ఎల్. చదువుకు మద్రాసు రైలెక్కేవారు. పట్టా చేతికి వచ్చిన పిమ్మట పేరున్న వకీలు వద్ద అప్రెంటిసుగా చేరి, ఆయన ఇంటి వసారాలో కూర్చొని దావాలు చిత్తు వ్రాయడం నేర్చేవారు. భూముల తగాదాలు, దత్తత వ్యవహారాలు, ఇనాముల కేసులు అక్కడ చక్కగా అలవడేవి. పేటెంటు మాత్రం ఆ వసారాలకు సాధారణంగా వచ్చేది కాదు.

మన దేశంలో పేటెంటు చట్టం లేక కాదు. 1856లోనే మొదటి చట్టం వచ్చినది. ఆ సంవత్సరం మార్చి 3న జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే సివిలు ఇంజనీరు కలకత్తాలో మొట్టమొదటి దరఖాస్తు పెట్టినాడు. అది సమర్థంగా పంఖా లాగే యంత్రానికి. సెప్టెంబరు 2న చిత్రపటాలతో సహా వివరణ పత్రం దాఖలు చేసినాడు. ఇందులో ఒక వింత ఉన్నది. బ్రిటిషు రాణి అనుమతి ముందుగా పొందలేదన్న కారణాన ఆ చట్టమే మరుసటి సంవత్సరం రద్దయి, 1859లో కొత్త చట్టం చేయవలసి వచ్చినది. కాగితం క్రమంగా లేకపోతే హక్కు నిలువదనే పాఠం శాసనకర్తలకే మొదట అనుభవమైనది! తరువాత 1888లో, 1911లో చట్టాలు మారినవి. 1912లో కలకత్తాలో కంట్రోలరు ఆధ్వర్యాన పేటెంటు కార్యాలయం వెలసినది. ఆ విధంగా ఈ విద్య చాలకాలం కలకత్తావంటి నగరాలలోని కొద్దిపాటి ఏజెంట్ల గుత్తగా ఉండిపోయినది.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట చేసిన 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చినది. ఈ చట్టం క్రింద మందులకు, ఆహారపదార్థాలకు తయారీ పద్ధతిపైనే గాని ఆ పదార్థంపై పేటెంటు ఇచ్చేవారు కాదు. హైదరాబాదు మందుల పరిశ్రమ ఎదగడానికి ఈ నియమం ఎంతగానో తోడ్పడినది. కాని న్యాయకళాశాలలకు మాత్రం పేటెంటు చట్టం ప్రశ్నపత్రంలో ఒక మూలనుండే విషయమైనది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినది. దాని ఒప్పందం ప్రకారం 2005 జనవరి 1 నుండి మందులపై కూడా పేటెంటు ఇవ్వవలసి వచ్చినది. అంతవరకు ఎక్కువగా పద్ధతుల పేటెంట్లే చూచిన కంపెనీలకు, ప్రపంచమంతటా దాఖలైన పత్రాలను చదివి భేదించగల మనుషులు ఒక్కసారిగా కావలసివచ్చినారు.

ఆ అవసరం ఎంతటిదో సామాన్య గృహిణికి కూడా తెలిసేలా చేసినది పసుపు వ్యవహారం. గాయానికి పసుపు అద్దడం మన వంటింటి వైద్యం. ఆ గుణంపై 1995 మార్చిలో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రానికి పేటెంటు లభించినది. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి 1996లో దానిని సవాలు చేసినది. ఇది మాకు అనాదిగా తెలుసునని చెబితే ఆ కార్యాలయం వినదు. ముద్రితమైన సాక్ష్యం కావాలి. మండలివారు 32 ఆధారాలు సేకరించినారు. సంస్కృత గ్రంథాలతోబాటు 1953లో భారత వైద్యసంఘ పత్రికలో వెలువడిన వ్యాసం కూడా వానిలో ఉన్నది. 1997లో ఆ పేటెంటు రద్దయినది. మన అమ్మమ్మలకు తెలిసిన విషయాన్ని న్యాయస్థానం అంగీకరించే సాక్ష్యంగా మార్చడం ఒక విద్య. దానికి చట్టం, విజ్ఞానం, గ్రంథశోధన మూడూ తెలిసినవారు కావాలి. ఈ అనుభవం వెనుకనే సంప్రదాయ విజ్ఞానాన్ని నమోదుచేసే జాతీయ గ్రంథనిధి 2001లో ఆరంభమైనది.

ఇటువంటివారిని తయారు చేయడానికి ఇతర దేశాలు ఏమి చేసినవి? అమెరికాలో జెరోమ్ ఫ్రాంక్ అనే న్యాయవేత్త 1933లో ఒక వ్యాసం వ్రాసి, వైద్యవిద్యార్థికి ఆసుపత్రి ఉన్నట్లు న్యాయ విద్యార్థికి క్లినిక్కు ఎందుకు ఉండరాదని ప్రశ్నించినాడు. ముప్పది అయిదేండ్లు గడచిన తరువాత 1968లో ఫోర్డు ఫౌండేషను ధనసహాయంతో అటువంటి క్లినిక్కులు విస్తరించసాగినవి. అవి ప్రధానంగా బీదలకు ఇంటి అద్దె, భరణం మున్నగు కేసులలో సహాయపడేవి. 1973లో రాబర్టు రైన్స్ అనే ఆయన న్యూహాంప్‌షైరు రాష్ట్రంలో, ఈ విద్యకే ప్రాధాన్యమిచ్చే ఒక న్యాయకళాశాల స్థాపించినాడు. ఆయన స్వయంగా ఆవిష్కర్త, పేటెంటు న్యాయవాది కూడా. 2008లో అమెరికా పేటెంటు కార్యాలయం ఆరు న్యాయకళాశాలలతో ఒక ప్రయోగం ప్రారంభించినది. దీని ప్రకారం విద్యార్థి, అర్హుడైన అధ్యాపకుని పర్యవేక్షణలో, ఫీజు ఇచ్చుకోలేని ఆవిష్కర్త తరఫున దరఖాస్తు వ్రాసి దాఖలు చేయవచ్చు. కార్యాలయం అభ్యంతరం చెబితే సమాధానం కూడా వ్రాయవచ్చు. 2014 డిసెంబరులో ఈ ఏర్పాటుకు శాసనబలం కలిగినది. నేడు 60కి పైగా కళాశాలలు ఇందులో పాల్గొంటున్నవి. ఇక్కడ విద్యార్థికి అభ్యాసం, ఆవిష్కర్తకు హక్కు ఒకే కాగితంపై సిద్ధిస్తున్నవి.

మన దేశంలో శిక్షణ కథ మెలికలు తిరిగినది. 1961 నాటి న్యాయవాదుల చట్టం మొదట పట్టా తరువాత శిక్షణను, పరీక్షను విధించినది. 1973 సవరణతో ఆ నిబంధన తొలగిపోయినది. 1995లో బార్ కౌన్సిలు ఒక సంవత్సరం శిక్షణను తిరిగి ప్రవేశపెట్టగా, అటువంటి అధికారం కౌన్సిలుకు లేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆ తీర్పు సరికాదని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయపడినది. దానివల్ల అఖిలభారత పరీక్షకు బలం చేకూరినది గాని, పాత అప్రెంటిసు సంవత్సరం మాత్రం తిరిగి రాలేదు.

వృత్తిలో ప్రవేశించిన తరువాత పోయిన శిక్షణను చదువుకాలంలోనే ఇవ్వడానికి కౌన్సిలు పూనుకొన్నది. 1997లో నాలుగు ప్రాయోగిక పత్రాలను కళాశాలలకు నిర్దేశించినది. 2008 నియమావళి ప్రకారం మూడేండ్ల కోర్సు విద్యార్థి 12 వారాలు, అయిదేండ్ల కోర్సు విద్యార్థి 20 వారాలు న్యాయవాదులవద్దనో, సంస్థలలోనో పనిచేయాలి. 1998లో హైదరాబాదులో నల్సార్, 2008లో విశాఖపట్నంలో ఇప్పుడు దామోదరం సంజీవయ్య పేరిట ఉన్న జాతీయ న్యాయవిశ్వవిద్యాలయం ఏర్పడినవి. 2006లో ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. ఇంజనీర్లను, విజ్ఞానశాస్త్ర పట్టభద్రులను చేర్చుకొని న్యాయశాస్త్రం చెప్పే ప్రత్యేక పాఠశాల నెలకొల్పినది. దీని వెనుక కారణం ఉన్నది. మన చట్టం ప్రకారం పేటెంటు ఏజెంటు కాగోరేవానికి విజ్ఞానశాస్త్రంలోనో, ఇంజనీరింగులోనో పట్టా ఉండాలి. సాధారణంగా ఆపైన ప్రత్యేక పరీక్షలో కృతార్థుడు కావాలి. అయితే ట్రేడుమార్కు, కాపీరైటు, డిజైను, భౌగోళిక గుర్తింపు వ్యవహారాలకు ఈ అడ్డంకి లేదు. చరిత్రో, తెలుగో చదివి న్యాయశాస్త్రానికి వచ్చిన విద్యార్థికి కూడా అక్కడ కావలసినంత పని ఉన్నది.

ఆ పనికి మన తెలుగునాట చోటు వెదకనక్కరలేదు. 2004-05లో పోచంపల్లి ఇక్కత్తు భౌగోళిక గుర్తింపుగా నమోదైనది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి కొద్ది వస్తువులలో అది ఒకటి. శ్రీకాళహస్తి కలంకారీ, కొండపల్లి బొమ్మలు, మచిలీపట్నం కలంకారీ, ఉప్పాడ జాందానీ మున్నగునవి తరువాత చేరినవి. ఈ దరఖాస్తులో వస్తువు తయారయ్యే సీమ పటం చూపాలి. తయారీ విధానం అంచెలంచెలుగా వర్ణించాలి. ఆ ఊరికి, ఆ వస్తువుకు గల సంబంధాన్ని చారిత్రకంగా నిరూపించాలి. నేతగాని మగ్గం చెంత కూర్చొని, నూలుకు ముడులు వేసి రంగులద్దే క్రమం అడిగి తెలుసుకొని, దానిని చట్టానికి అర్థమయ్యే భాషలో వ్రాయగల విద్యార్థి ఏ మూట్‌కోర్టులోను లభించని పాఠం నేర్చుకొంటాడు.

పేరు నమోదైనంతమాత్రాన నేతగాని కడుపు నిండదు. సంఘం పేర నమోదైన పిమ్మట, ఒక్కొక్క నేతగాడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. అప్పుడే ఆ పేరును హక్కుగా వాడుకొని, మిల్లులో అచ్చువేసిన నకిలీ చీరపై చట్టరీత్యా ఫిర్యాదు చేయగలడు. ఈ రెండవ మెట్టు సంగతి మగ్గం ముందు కూర్చున్నవానికి ఎవరు చెబుతారు? ఒక దరఖాస్తు నింపడం పెద్ద న్యాయవాదికి ఫీజు గిట్టే పని కాదు. విద్యార్థికి అది మొదటి కేసు. చట్టసేవల విషయమై 1987లో చేసిన శాసనం కూడా కళాశాలలలో న్యాయసేవా క్లినిక్కులను ప్రోత్సహించాలని చెబుతున్నది. శాసనం చెప్పినదాన్ని పోచంపల్లి దాకా, ఉప్పాడ దాకా నడిపించడం మిగిలి ఉన్నది.

దీనికి అడ్డుగా ఉన్న చిక్కులు రెండు మూడు. మన విద్యార్థికి అమెరికా విద్యార్థివలె కార్యాలయం ఎదుట నిలిచే అధికారం లేదు. పూర్తికాలపు అధ్యాపకుడు వృత్తి చేయరాదు గనుక ఆయనా సంతకం పెట్టలేడు. బయటి న్యాయవాదో, ఏజెంటో ముందుకు వస్తేనే క్లినిక్కు నడుస్తుంది. వారాల లెక్క మరొక చిక్కు. ఒక సంవత్సరంలో నాలుగు వారాలకు మించి ఎడతెగకుండా శిక్షణలో ఉండరాదని నియమం. పేటెంటు కార్యాలయపు అభ్యంతరాలకు సమాధానం చెప్పడానికి ఆరు నెలల గడువు ఉన్నది. అంటే విత్తనం వేసిన విద్యార్థి మొలక చూడకుండానే మరొక చోటికి పోతాడు. అందుచేత కళాశాలయే కేసును తన చేతిలో ఉంచుకొని, ఒక విద్యార్థి వదలినచోట మరొకడు అందుకొనే ఏర్పాటు చేయవలసి ఉన్నది.

మూడవది మౌనం. ఆవిష్కరణ దాఖలు కాకముందు బయటపడితే కొత్తదనం పోయి హక్కే నశించవచ్చు. శిక్షణకు వెళ్లిన కుర్రవాడు ఉత్సాహంకొద్దీ కళాశాల పత్రికలో వ్యాసం వ్రాస్తే, ఒకరి పదేండ్ల శ్రమ ఆవిరి కావచ్చు. డాక్టరు రోగి రహస్యం కాపాడినట్లు ఈ విద్యార్థి తన చేతికి వచ్చిన కాగితాన్ని కాపాడాలి. ఈ నీతి పరీక్షలో వ్రాయడం సులభం. అసలు కాగితం చేతిలో ఉన్నప్పుడే అది మనస్సుకు పడుతుంది.

నకలు వ్రాసిన గుమాస్తాకు సిద్ధాంతం కరవైనది. సిద్ధాంతం చదివిన పట్టభద్రునికి కాగితం కరవైనది. ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చే ప్రయత్నమే మూడు శతాబ్దాల ఈ చరిత్ర. మన ఇండ్లలో న్యాయశాస్త్రం చదివే అబ్బాయిగాని, అమ్మాయిగాని ఉంటే, సెలవులకు వచ్చినప్పుడు ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుతాము. ఆ ప్రశ్నతోబాటు, ఈ సంవత్సరం ఎవరికోసం ఏ కాగితం వ్రాసినావని కూడా అడగడం మంచిది. ఆ కాగితం మన ఊరి నేతగానిదో, కమ్మరిదో అయితే మరీ మంచిది.